కాంటా హన్మాండ్లు పట్టిన తాడు

బోధన్ నుంచి నిజామాబాద్‌కు పోయే రోడ్డు మీద, ఊరు దాటీ దాటగానే ఒక ధర్మకాంటా వస్తుంది. లారీకి లారీయే ఎక్కి నిలబడేంత ఇనుప పలక, దాని పక్కన చిన్న గది, గదికి ఒక కిటికీ, కిటికీ నిండా హన్మాండ్లు. ఆ కిటికీని ఆయన కొలతలకు కట్టారో, కిటికీ కొలతలకు ఆయనే పెరిగాడో ఇప్పుడు తేల్చడం కష్టం. వర్ని వైపు నుంచి వచ్చే వడ్ల లారీలు, మక్కల డీసీఎం వ్యాన్లు, సీజన్‌లో చెరుకు ట్రాక్టర్లు, ఎంత గొప్ప బండైనా సరే ఆయన ముందు కాసేపు కదలకుండా నిలబడి పోవలసిందే.

చక్రాలన్నీ పలక మీదికి వచ్చి, అంకెలు కుదురుకున్నాక హన్మాండ్లు కిటికీలోంచి "ఠీక్" అంటాడు. డ్రైవర్ బ్రేకు మీంచి కాలు తీస్తాడు. ఏళ్ల తరబడి ఇదే పని, ఇదే మాట. అది ఆయన నాలుకకు ఎంతగా అంటుకుపోయిందంటే, కూరలో ఉప్పు సరిపోయిందా అంటే ఠీక్, పెళ్లికి పోదామా అంటే ఠీక్. అత్తగారు పోయిందని తెల్లవారుజామున ఫోన్ వస్తే నిద్రమత్తులో దానికీ ఠీక్ అని పెట్టేశాడు. భార్య భాగ్యలక్ష్మి ఎన్నింటినో మరిచిపోయింది గానీ, ఆ ఒక్క ఠీక్‌ను మాత్రం ఇప్పటికీ మాఫీ చేయలేదు. ఆయన లెక్కలో ఆ మాటకు అర్థం ఒక్కటే. పని అయిపోయింది, ఇక నీ దారిన నువ్వు పో అని.

ఇక మనిషి సంగతి. ఊళ్లో షుగర్ ఫ్యాక్టరీ చిమ్నీ పొగ మానేసి ఏళ్లయింది గానీ, షుగర్‌కు మాత్రం కొదవ లేదు. హన్మాండ్లుకూ ఉంది. దానితో పాటు ఒళ్లూ ఉంది. ఎంత అని అడిగితే చెప్పడు. అన్ని బండ్ల బరువూ పైకి చదివి వినిపించే మనిషి తన బరువు దగ్గరికి వచ్చేసరికి మౌనవ్రతం పడతాడు. నువ్వు గది దిగి బయటికి రాకు అన్నా, మా లారీ తూకం మారిపోతది అని డ్రైవర్లు ఆటపట్టిస్తే వాళ్లతో పాటు తనూ నవ్వుతాడు. కానీ పెళ్లిళ్లలో ఎవరైనా ప్లాస్టిక్ కుర్చీ జరిపితే, కూర్చోకుండా నిలబడే తింటాడు. మోకాళ్లు నొప్పి పుట్టినా సరే. ఆ నిలబడటం వెనక ఉన్న బాధ ఆయన ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్లూ లేరు.

అలాంటి హన్మాండ్లుకు, నేల మీదే సరిగా నడవని హన్మాండ్లుకు, బండలెక్కే కూతురు పుట్టింది.

శిరీష నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. హన్మాండ్లు చిన్ననాటి దోస్తు, దర్జీ షౌకత్ కొడుకు అజర్ హైదరాబాద్‌లో ఈ బండలెక్కే విద్య నేర్చుకుని వచ్చి, ఇక్కడో క్లబ్బు పెట్టాడు. ప్రతి ఆదివారం జక్రాన్‌పల్లి దాటాక ఒక రాతిగుట్ట దగ్గరికి పిల్లల్ని తీసుకుపోతాడు. నిటారు బండకు అక్కడక్కడా బోల్టులు దిగ్గొట్టి ఉంటాయి. ఎక్కేవాళ్లు వేళ్లతో, కాలి మునివేళ్లతో పాకుతూ పోయి, ఒక్కో బోల్టుకు కొక్కెం తగిలించి, నడుముకు కట్టుకున్న తాడును అందులోంచి పోనిస్తారు. తాడు పైకి లాగడానికి కాదు. జారితే ఆపడానికి. ఆపేది కింద నిలబడ్డ మనిషి. ఆ మనిషి నడుం పట్టీకి ఒక ఇనుప బిళ్ల ఉంటుంది. తాడు అందులోంచి పోతుంది. పైవాళ్లు ఎక్కే కొద్దీ ఇతను తాడు వదులుతూ, పడితే బిగిస్తూ, మెడ వెనక్కి వాల్చి చూస్తూ నిలబడాలి.

ఈ సంగతి ఇంట్లో తెలిసిన రోజు భాగ్యలక్ష్మి కుక్కర్ దించి మరీ మాట్లాడింది. డిగ్రీ చదివించేది పిల్లను మేకను చేయడానికా అని అడిగింది. వచ్చే ఆదివారం నువ్వే పోయి ఆ గుట్ట వ్యవహారానికి ముగింపు పలికి రమ్మని మొగుణ్ని పంపింది. హన్మాండ్లు ఠీక్ అన్నాడు.

ముగింపు పలకడానికి పోయిన మనిషిని చూసి అజర్ ముఖం వెలిగిపోయింది. కింద తాడు పట్టేవాడు బక్కపలచగా ఉంటే, పైవాళ్లు పడగానే ఇతను గాల్లోకి లేస్తాడు. క్లబ్బులో ఉన్నవాళ్లంతా ఎండుపుల్లలే. ఒకరు పడితే ఒకరు లేవడంతో వాళ్లకు ఆదివారాలు గడిచిపోతున్నాయి. అజర్ హన్మాండ్లును పైనుంచి కింది దాకా భక్తితో చూసి, "కాకా, మిమ్మల్ని ఆ అల్లానే పంపిండు" అన్నాడు.

ఆ రోజు వరసగా అందరూ పడ్డారు. కావాలని కొందరు, నిజంగానే కొందరు. హన్మాండ్లు చలించలేదు. భూమిలోంచి మొలిచినట్టు నిలబడ్డాడు. తాడు నాది పట్టండి కాకా, తరువాత నాది అని పిల్లలు క్యూ కట్టారు. తన ఒంటిని ఎవరైనా మెచ్చుకోవడం ఆయన జన్మలో అదే మొదటిసారి. ఇంటికొచ్చి, పిల్లను ఆపేందుకు ప్రతి ఆదివారం తను అక్కడ ఉండటమే మంచిదని భాగ్యలక్ష్మికి చెప్పాడు. అబద్ధం కూడా కాదు. మరుసటి ఆదివారం నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురు లేవకముందే తయారై కూర్చునేవాడు.

కొన్ని నెలలు అలా హాయిగా నడిచాయి. శిరీష ఎక్కుతుంటే ఆయనకు ముందు గుండె దడదడలాడేది, తర్వాత గర్వంగా ఉండేది. ఆ పిల్ల ఒకసారి బండ మీద చెయ్యి వేసిందంటే కిందికి తిరిగి చూసేది కాదు. తాడు ఉందా లేదా, బాపు ఉన్నాడా లేడా అని ఒక్క అనుమానం ఉండేది కాదు. వెనక గోడ ఉందని తెలిసినవాడు ఎంత తేలిగ్గా ఆనుకుంటాడో అంత తేలిగ్గా ఎక్కేది.

ఎక్కేవాళ్లకు కొన్ని ఇంగ్లిషు కేకలున్నాయి. తాడు వదులు కావాలంటే స్లాక్. తాడు బిగబట్టు, నేను దాని మీద కూర్చుంటున్నా అనడానికి టేక్. అజర్ మొదటి రోజే నేర్పాడు. హన్మాండ్లు తల ఊపాడు. ఆయన తల ఊపితే ఏదో బుర్రలోకి పోయిందని అనుకోవడం అజర్ చేసిన తప్పు.

ఒక ఆదివారం శిరీష ముందుకు పొడుచుకొచ్చిన బండ కింద వేలాడుతూ, చేతుల్లో సత్తువ ఉడిగిపోయి, "టేక్" అని అరిచింది. గాలి ఉంది. కింద హన్మాండ్లుకు ఎవరో చాయ్ తెచ్చి ఇస్తున్నారు. ఆయన చెవుల్లో పడింది ఏళ్లుగా ఆయన నోట నలిగిన మాటే. ఠీక్. అంటే పిల్ల చేరిపోయింది, పని అయిపోయింది. కాంటా మీంచి లారీని సాగనంపినట్టు దర్జాగా తాడు వదిలేసి, చాయ్ గ్లాసు అందుకున్నాడు. పైన శిరీష, తాడు బిగిసే ఉంటుందన్న నమ్మకంతో వెనక్కి వాలి కూర్చుంది. అక్కడ కూర్చోవడానికి ఏమీ లేదు.

ఇనుప బిళ్ల తనంతట తాను బిగుసుకోవడం వల్ల పిల్ల ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ తాడు ఆగింది హన్మాండ్లు దగ్గర. హన్మాండ్లు అంటే ఇసుమంత కూడా కదలని మనిషి. పిల్ల ఒక్క కుదుపుతో ఆగి, ఊగి, పోయి బండకు గుద్దుకుంది. చీలమండ బెణికింది. చాయ్ కూడా ఒలికింది గానీ, ఆ సంగతి ఆ పూట ఎవరూ ఎత్తలేదు.

అక్కడికి ఊరుకున్నా పోయేది. బండిలో తిరిగొస్తూ హన్మాండ్లు వాదనకు దిగాడు. నువ్వు ఠీక్ అన్నావని ఆయన, టేక్ అన్నానని ఆమె. నా చెవులతో విన్నానని ఆయన. నా నోటితో అన్నానని ఆమె. భయంతో పుట్టిన పంతం అంత మొండిది ఇంకోటి ఉండదు. తప్పు తనదని ఒప్పుకుంటే, తను పిల్లను చంపబోయానని ఒప్పుకోవాలి. అందుకే పిల్ల ఉచ్చారణ బాగాలేదన్న దగ్గరే గట్టిగా నిలబడ్డాడు.

చీలమండ నయమయ్యాక శిరీష మళ్లీ గుట్టకు బయలుదేరింది. హన్మాండ్లు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెంట పోయాడు. గుట్ట దగ్గర నడుం పట్టీ బిగించుకుని, తాడు కోసం చెయ్యి చాచాడు. శిరీష ఆ కొసను అజర్ చేతికిచ్చింది.

"బాపూ, నువ్వు బ్యాగుల కాడ కూసో" అంది. కోపంగా కూడా అనలేదు.

హన్మాండ్లు పోయి బ్యాగుల దగ్గర కూర్చున్నాడు. అదేమీ చిన్న మాట కాదు ఆయనకు. ఇంట్లో పిల్ల మాట్లాడటం మానలేదు గానీ, మాటలు చార్జర్ ఎక్కడుంది, గేటు వేశారా అన్న దగ్గర ఆగిపోయాయి. క్లబ్బు పిల్లలు కాకా అని ఇంకా మర్యాదగానే పిలిచేవాళ్లు, కానీ పడేటప్పుడు ఇంకొకరిని వెతుక్కునేవాళ్లు. ఆ తాడు మళ్లీ తన చేతికి రావాలి. అది తప్ప ఇంకేమీ అక్కర్లేదని, కాంటా గదిలో ఒక్కడే కూర్చుని ఆయన దేవుడికి చెప్పుకున్నాడు. దేవుడి సంగతి తెలియదు గానీ, షౌకత్ మాత్రం విన్నాడు.

షౌకత్ దుకాణం బస్టాండు దగ్గర. కుట్టుమిషన్ మీద ముందుకు వంగి కథంతా విని, మిషన్ ఆపి మరీ నవ్వాడు. నవ్వు అయ్యాక న్యాయం చెప్పాడు. తప్పు నీదీ కాదు, పిల్లదీ కాదు, ఆ ఇంగ్లిషు మాటది. ఆ మాటను తీసేసి మన తెలుగు మాట పెట్టుకుంటే ఝగడానే ఉండదన్నాడు. బిగించడానికి పట్టు, స్లాక్‌కు వదులు. ఇంత సులువైన ఉపాయం అజర్‌కు ఎందుకు తట్టలేదో ఇద్దరికీ అర్థం కాలేదు.

మరునాడు హన్మాండ్లు ఇంటి దాబా మీద పరీక్ష పెట్టారు. వేల్పూర్ నుంచి అత్తగారింటివాళ్లు పంపిన పసుపు కొమ్ముల బస్తాయే శిరీష అనుకున్నారు. దాబా మీది గిరకే బండ. పైన కూర్చుని కేకలు వేసేది షౌకత్, కింద వాకిట్లో తాడు పట్టేది హన్మాండ్లు. బస్తాను పైదాకా లాగారు. షౌకత్ పట్టు అన్నాడు, హన్మాండ్లు పట్టాడు. బ్రహ్మాండంగా ఉంది. కాస్త తాడు జారవిడవమనే ఉద్దేశంతో షౌకత్ "వదులు" అన్నాడు. హన్మాండ్లు వదిలాడు. మొత్తంగా వదిలాడు. వదులు అంటే వదలమనే కదా మరి.

బస్తా వచ్చి వాకిట్లో పడి పగిలింది. ఆరేసిన తెల్ల దుప్పటి, తులసికోట, హన్మాండ్లు, అన్నీ ఒకే రంగులోకి వచ్చాయి. చప్పుడు విని భాగ్యలక్ష్మి బయటికొచ్చింది. ఇద్దరూ తిట్లకు సిద్ధపడి నిలబడ్డారు. ఆమె తిట్టలేదు. పగిలిన బస్తాను చాలాసేపు చూసింది.

"గా బస్తా మన పిల్లయితే?" అని మాత్రం అని, చీపురు తేవడానికి లోపలికి పోయింది.

హన్మాండ్లు పసుపు ముఖంతో అక్కడే కూర్చుండిపోయాడు. ఇక ఈ పని నా వల్ల కాదు అన్నాడు. షౌకత్ మెట్లు దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. తర్వాత షౌకత్ మెల్లగా పాత సంగతులు తీశాడు. చిన్నప్పుడు ఈ దాబాల మీదే ఇద్దరూ పతంగులు ఎగరేసేవారు. ఎగరేసేది షౌకత్, వెనక మాంజా చుట్టిన చరఖా పట్టుకునేది హన్మాండ్లు.

"నేను ఢీల్ అంటే మాంజా ఎంత ఇడవాల్నో గంతే ఇడిసెటోనివి. ఖీంచ్ అంటే గుంజెటోనివి. నా మొఖం గూడ సూడకపోతుంటివి" అన్నాడు షౌకత్. "ఒక్కనాడన్న తప్పు ఇన్నవారా?"

వినలేదు. ఒక్కనాడూ వినలేదు. ఢీల్ అన్న మాట ఇప్పుడు చెవిన పడగానే హన్మాండ్లు వేళ్లు వాటంతట అవే సడలాయి. ఖీంచ్ అంటే బిగిశాయి. అది నలభై ఏళ్లు దాటిన మనిషి బుర్ర చేస్తున్న పని కాదు. పదేళ్ల పిల్లగాడి చేతులు చేస్తున్న పని.

అజర్‌కు చెబితే అతనికీ నచ్చింది, క్లబ్బులో అందరికీ ఆ రెండు మాటలే నేర్పాడు. తన తండ్రి పతంగుల పిచ్చి ఎందుకైనా పనికొస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు. అయితే అసలు లోపం ఇంకొకటి ఉందన్నాడు. కాకా ఆ రోజు పట్టాడు, కానీ గోడలా పట్టాడు. పైవాళ్లు పడ్డ క్షణంలో కిందివాడు ఒక చిన్న గెంతు గెంతాలి. అప్పుడు తాడు మెత్తగా ఆగుతుంది, పిల్ల బండకు కొట్టుకోదు.

"గెంతుడా, నేనా?" అన్నాడు హన్మాండ్లు.

జానెడు చాలు కాకా అన్నాడు అజర్. ఆ జానెడు హన్మాండ్లుకు ఆకాశమంత. చివరిసారి ఎప్పుడు గెంతాడో గుర్తు తెచ్చుకోవడానికే ఒక పూట పట్టింది. ఇంట్లో గెంతితే భాగ్యలక్ష్మి ప్రశ్నలు వేస్తుంది, పైగా కింద గచ్చు పాతది. భయం లేకుండా గెంతదగిన చోటు ఆయనకు తెలిసింది ఒక్కటే. బండ్లు లేని వేళ చూసుకుని, కాంటా పలక మీదికి ఎక్కి నిలబడి గెంతడం మొదలుపెట్టాడు. గెంతినప్పుడల్లా గదిలో అంకెలు భయపడి ఎగిరిపడేవి. వాటిని చూడకుండా ఉండటానికి ముఖం రోడ్డు వైపు తిప్పుకునేవాడు. దాంతో రోడ్డు మీద పోయేవాళ్లందరికీ ఆ ముఖం స్పష్టంగా కనిపించేది.

కాంటా హన్మాండ్లుకు మతి చలించిందని కొందరన్నారు. కాదు, షుగర్ తగ్గడానికి ఎవరో కొత్త డాక్టర్ చెప్పిన మందు అది అని ఇంకొందరన్నారు. రెండో మాటే ఎక్కువ పాకింది. ఒక మక్కల డీసీఎం డ్రైవర్, అతనికీ షుగర్ ఉంది, తూకం అయ్యాక దిగి వచ్చి, పొద్దున్నా సాయంత్రమా, తినకముందా తిన్నాకా అని వివరంగా అడిగి, పక్కన నిలబడి తనూ గెంతి పోయాడు.

చలికాలం నడుమ అజర్ పిల్లల్ని పెన్‌గంగ వైపు తీసుకుపోవాలని నిర్ణయించాడు. ఆదిలాబాద్ దాటి, మహారాష్ట్ర సరిహద్దు దగ్గర, రోడ్డు వదిలి కాలిబాట కూడా వదిలి పోతే, నది రెండు గోడల మధ్య పారే చోటు ఒకటి ఉందట. గోడలన్నీ సున్నపురాయి. ఎక్కడానికి అంత మంచి రాయి ఈ చుట్టుపక్కల లేదన్నాడు. సున్నం కోసం అంత దూరం దేనికి, మా పక్క పాన్‌డబ్బాలో కావాల్సినంత ఉందని షౌకత్ అన్నాడు. హన్మాండ్లు బ్యాగుల కాపలాకు తనంతట తానే పేరిచ్చుకున్నాడు. శిరీష వద్దనలేదు, రమ్మనీ అనలేదు.

జీపు ఆగిన చోటి నుంచి నడక. హన్మాండ్లు వాళ్లకంటే చాలా వెనక వచ్చి చేరాడు. చేరి, తలెత్తి, నోరు తెరిచి నిలబడ్డాడు. కింద నది సన్నగా, పచ్చగా పారుతోంది. అటూ ఇటూ నిటారుగా లేచిన పాలిపోయిన గోడలు. వాటి నిండా కాలిన జొన్నరొట్టె మీద పొక్కుల్లా గుంటలు. మాట్లాడితే మాట తిరిగి వస్తోంది. ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. మేకలు కాసుకునే ముసలాయన ఒకడు గోడనూ, దాని మీదికి పోతున్న శిరీషనూ చూసి మరాఠీలో "పడేల్, పడేల్" అంటున్నాడు. ఆ మాటను హన్మాండ్లుకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

ఆ రోజంతా శిరీష ఒకే దారి పట్టుకుని కూర్చుంది. కింది సగం నీళ్లు తాగినట్టు ఎక్కేది. నడుమ ఒకచోట, రెండు గుంటల మధ్య దూరం ఎక్కువ. ఒక చెయ్యి వదిలేసి ఒంటిని పైకి విసరాలి. అక్కడికి వచ్చేసరికి పడిపోయేది. మళ్లీ ఎక్కేది, మళ్లీ అక్కడే పడేది. కింద తాడు పట్టింది అజర్. అతని పట్టులో లోపం లేదు, మెత్తగా ఆపుతున్నాడు. కానీ ఎక్కడ తప్పుతోందో అతనికీ అంతు చిక్కలేదు. ఆ పిల్లకు సత్తువ చాలడం లేదేమో అనుకున్నాడు.

బ్యాగుల దగ్గర కూర్చున్న మనిషికి చూడటం తప్ప వేరే పని లేదు. అందువల్ల హన్మాండ్లు చూశాడు. ఆ కష్టమైన చోటికి వచ్చిన ప్రతిసారీ, చెయ్యి వదలబోయే ముందు, శిరీష కిందికి చూస్తోంది. రెప్పపాటు. అంతే. ఆ రెప్పపాటులో ఒళ్లు బిగుసుకుపోయి, విసురు చచ్చిపోతోంది. గుట్ట మీద ఆ పిల్ల ఎన్నడూ కిందికి చూసేది కాదు. ఇప్పుడు చూస్తున్నది అజర్‌ను కాదు. కింద ఉన్నవాడి చేతిలో తాడు ఉందా, చాయ్ గ్లాసు ఉందా అని చూస్తోంది.

ఆ సంగతి అర్థమయ్యాక హన్మాండ్లుకు తన పౌరుషం, క్లబ్బులో పోయిన పరువు, అన్నీ సిగ్గుగా తోచాయి. చీలమండ ఎప్పుడో నయమైంది. బాగవనిది ఇది. తన బిడ్డ ఒంట్లోకి తనే ఒక భయాన్ని ఎక్కించాడు, పైగా ఇన్నాళ్లూ ఉచ్చారణ గురించి వాదించాడు. ఆ పూట పళ్లెం ముట్టకుండా పక్కకు జరిపాడు. హన్మాండ్లు అన్నం వదిలేశాడంటే మిగిలినవాళ్లకు అప్పుడైనా అనుమానం రావాల్సింది. రాలేదు.

మరునాడు పొద్దున శిరీష నది ఒడ్డున ముఖం కడుక్కుంటుంటే పోయి పక్కన నిలబడ్డాడు. కూర్చుంటే లేవడం కష్టమని నిలబడే మాట్లాడాడు.

"బిడ్డా, నువ్వు టేక్ అనే అన్నవ్" అన్నాడు.

శిరీష తల ఎత్తింది.

"నేను నాకు అలవాటైంది ఇన్న. నువ్వన్నది ఇనలే. గది నీ తప్పు గాదు. నిన్నటి సంది సూస్తున్న, గా జాగల నువ్వు కిందికి సూస్తున్నవ్. నా వల్లనే సూస్తున్నవ్." ముక్కు చీదుకుని, అసలు చెప్పదలుచుకోని సంగతి చెప్పేశాడు. "దుంకుడు నేర్చుకున్న."

శిరీషకు నవ్వు వచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేక, తడి ముఖాన్ని చున్నీలో దాచుకుని నవ్వింది. కాంటా మీద గెంతే మనిషి గురించి కాలేజీ బస్సులో ఆమె ఎప్పుడో విన్నది. షుగర్ మందని నమ్మింది. కాసేపటికి లేచి, మాట్లాడకుండా పోయి, తాడు కొస తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ముందు రెండు బోల్టుల ఎత్తుకు ఎక్కి, కేక లేదు, సైగ లేదు, చేతులు రెండూ వదిలేసింది. అజర్ అయ్యో అనేలోపే హన్మాండ్లు నేల విడిచాడు. జానెడు కాకపోవచ్చు, బెత్తెడు ఖాయం. తాడు మెత్తగా ఆగింది. శిరీష ఉయ్యాల్లో కూర్చున్నట్టు ఊగుతోంది. హన్మాండ్లు తాడు వదలకుండానే తలెత్తాడు.

"చెప్పి దుంకద్దా?" అన్నాడు.

"పడెటోళ్లు చెప్పి పడుతరా బాపూ" అంది.

ఆ తర్వాత అసలు ఎక్కడం మొదలైంది. ఢీల్ అని ఆమె అంటే ఆయన వేళ్లు సడలాయి. ఖీంచ్ అంటే బిగిశాయి. సున్నపురాయి గోడల మధ్య ఆ మాటలు అటూ ఇటూ తిరుగుతుంటే, ఆకాశంలో లేని పతంగుల కోసం మేకల ముసలాయన తల ఎత్తి వెతికాడు. మొదటిసారి ఆ కష్టమైన చోట పడింది. హన్మాండ్లు గెంతాడు. రెండోసారీ పడింది. మళ్లీ గెంతాడు. ఇన్నేళ్లలో గెంతనివన్నీ ఆ పొద్దు గెంతేశాడు. మధ్యాహ్నం దాటాక, మళ్లీ అక్కడికి చేరి, చెయ్యి వదిలేసి, ఒంటిని పైకి విసిరి ఆ గుంటను అందుకుంది. దాని మీద ఇంకా చాలా గోడ మిగిలే ఉంది. అక్కడెక్కడో జారింది, దారి చివర బిగించిన గొలుసు దాకా పోలేదు. పోకపోతే పోయింది, వచ్చే చలికాలం మళ్లీ వస్తానని గోడకే చెప్పి దిగింది.

తిరుగు ప్రయాణంలో జీపు పెద్దరోడ్డు ఎక్కాక ఫోన్‌కు ప్రాణం వచ్చింది. వచ్చీ రాగానే మోగింది. భాగ్యలక్ష్మి రెండు రోజుల మాటలు కూడబెట్టుకుని ఉంది. పిల్ల తిన్నదా, కాళ్లు చేతులు సరిగా ఉన్నాయా, నువ్వు మాత్రలు వేసుకున్నావా అని అన్నీ అడిగి, చివరికి తనకు కావాల్సింది గొంతు తగ్గించి అడిగింది.

"నీ దిక్కు జరంత సూసిందా పిల్ల?"

"సూడలేదే" అన్నాడు హన్మాండ్లు. మురిసిపోతూ మళ్లీ చెప్పాడు. "పొద్దుగాల సంది మాపటి దాక తాడు నా చేతులనే ఉన్నది. ఒక్కసారి గూడ నా దిక్కు సూడలే."

భాగ్యలక్ష్మి, మనిషికి ఎండదెబ్బ తగిలినట్టుంది, ఫోన్ పిల్లకు ఇవ్వమంది. పిల్ల పండుకుందని హన్మాండ్లు గుసగుసగా చెప్పాడు. శిరీష తల ఆయన భుజం మీద ఉంది. బోధన్ దాకా ఆ భుజం ఆయన కదపలేదు.